పదహారోది

నేను ఒక ఆర్టరీ ఫోర్సెప్స్‌ని. ఆ పేరుకు నోరు తిరగకపోతే కత్తెర అనుకోండి, నాకేమీ కోపం రాదు. చూడ్డానికి అలాగే ఉంటాను. వేళ్ళు దూర్చడానికి రెండు ఉంగరాలు, పొడుగాటి కాళ్ళు, చివర కాస్త వంగిన ముక్కు. కాకపోతే కత్తెర పని కొయ్యడం, నా పని పట్టుకోవడం. ఆపరేషన్ బల్ల మీద మనిషిని కోసినప్పుడు తెగిన నరం మూతి పట్టుకుని నెత్తురు ఆపేదాన్ని. ఉంగరాల పక్కన నాకు చిన్న చిన్న పళ్ళుంటాయి. నొక్కితే టిక్, టిక్, టిక్ అని ఒకదాంట్లో ఒకటి పడి బిగుసుకుంటాయి. ఆ తర్వాత డాక్టరు చెయ్యి తీసేసినా నేను వదలను. పట్టుకున్నది వదలనివాళ్ళని మనుషులు మొండివాళ్ళంటారు. మాలో మాత్రం పనికొచ్చేవాళ్ళంటారు.

ఉత్తరాదిన ఏదో ఊళ్ళో రేకుల షెడ్డు కింద పుట్టాను. ఎర్రగా కాల్చిన ఉక్కుముక్కను అచ్చులో పెట్టి కొట్టారు. తర్వాత ఒక ముసలాయన రాపిడి చక్రం ముందు కూర్చుని నన్నూ నావాళ్ళనూ పొద్దుగూకేదాకా నునుపు చేశాడు. అద్దంలా తయారయ్యాక తన మొహం నాలో ఒకసారి చూసుకుని, రెండుసార్లు దగ్గి, బుట్టలో పడేశాడు. ఆయన పేరు నాకు తెలీదు. నేను ఎవరెవరి నరాలు పట్టుకున్నానో ఆయనకూ తెలీదు. నా వల్ల బతికి బయటపడ్డవాళ్ళకైతే నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే తెలీదు. మత్తులో ఉన్న మనుషులతోనే నా పరిచయాలన్నీ. కళ్ళు తెరిచేసరికి నేను వెళ్ళిపోయి ఆవిరిపెట్టెలో ఉంటాను.

పేరు చెప్పనక్కర్లేని ఒక పెద్దాసుపత్రికి చేరాను. అక్కడ ఒక్కో ట్రేలో మేం పదహారు మందిమి. ఆపరేషన్ థియేటరులో ఒక ఆచారం ఉంది. అక్కడ దేవుడికి దణ్ణం పెట్టడం మరిచిపోయినా ఫర్వాలేదు గానీ ఎంచడం మరిచిపోకూడదు. కోసే ముందు ఒకసారి, పొట్ట మూసే ముందు ఒకసారి, పైన చర్మం కుట్టాక ఒకసారి, మమ్మల్నీ గుడ్డలనూ సూదులనూ పైకి వినపడేలా ఎంచాలి. చేతికి పనిముట్లు అందించే నర్సు ఎంచుతుంటే ఇంకొక నర్సు గోడ మీది బోర్డుతో సరిచూడాలి. లోపల ఏదీ మిగిలిపోలేదని రూఢి అయితేనే డాక్టరు పొట్ట మూస్తాడు. దీన్నే వాళ్ళు కౌంటు అంటారు. రోజుకు ఇన్నిసార్లు పేరుపెట్టి పిలిచినట్టు ఎంచించుకునే భాగ్యం ఏ ఇంటి చెంచాకుంది చెప్పండి? ఆ రోజుల్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ గర్వం దింపిన పిల్ల పేరు రిబ్కా. నర్సింగు మూడో ఏడు చదువుతూ థియేటరు పనికి వచ్చింది. కందుకూరు అవతల ఒక పల్లె. తల్లి దీవెనమ్మ పొగాకు బేళ్ళ దగ్గర ఆకు రంగు చూసి గ్రేడు కట్టే పనికి పోతుంది. పిల్లకు ఆ తల్లి కళ్ళే వచ్చాయి. ఏ పనిముట్టునైనా ఒకసారి చూస్తే మళ్ళీ మరిచిపోదు. గొంతు మాత్రం తల్లిది రాలేదు. పిలిచినా పక్కవాళ్ళకే వినపడదు.

ఒకనాడు పేగు మెలిపడిన రైతు ఒకాయన, కొండయ్య, బల్ల మీదికొచ్చాడు. పని సగంలో తడిసిన పచ్చగుడ్డలు మార్చారు. ఆ గుడ్డ మడతలో నేను జారిపడ్డాను. ఎవరూ చూడలేదు. గుడ్డతోపాటు మైలబట్టల సంచిలోకి వెళ్ళిపోయాను. పొట్ట మూసే వేళకు డాక్టరు తలెత్తకుండా, "కౌంటేంది?" అన్నాడు. రిబ్కా ఎంచింది. పదిహేను. మళ్ళీ ఎంచింది. పదిహేనే. బోర్డు మీద పదహారని ఉంది. బోర్డు రాసింది పెద్ద నర్సు, ఎంచింది తను. తప్పంటూ ఉంటే తన వేళ్ళలోనే ఉంటుందనుకుంది. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లా చేసే పొరపాటే అది. కళ్ళ ముందున్నదాని కంటే గోడ మీద రాసినదాన్ని నమ్ముతారు.

"ఏమ్మా, బయట ఇంకో కేసుంది. నిలబడి జపం చేస్తన్నావా?" అన్నాడు డాక్టరు.

"కరెక్టే సార్," అంది రిబ్కా.

పొట్ట మూసేశారు.

అరగంట తర్వాత థియేటరు సిస్టరు కరుణమ్మ వచ్చేసరికి రిబ్కా కుళాయి కింద చేతులు పెట్టి తోముతూనే ఉందట. ఇదంతా కరుణమ్మ తర్వాత చెప్పుకుంటుంటే విన్నాను.

"ఏందే, తోలు ఊడిందాకా తోముతావా?"

"సిస్టర్... పదిహేనే ఉండాయి."

కరుణమ్మ తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. పరుగున వెళ్ళి కొండయ్య పొట్టకు ఎక్స్‌రే తీయించింది. "ఇదెందుకమ్మా మళ్ళా?" అని మత్తులోంచి ఆయన గొణిగితే, గ్యాసు కోసమని చెప్పారు. "గ్యాసు గూడా ఫోటోలో పడుద్దా!" అని ఆశ్చర్యపోయి మళ్ళీ నిద్రపోయాడు. పొట్టలో ఏమీ లేదు. ఉండదుగా, నేను లాండ్రీలో ఉన్నాను.

మర్నాడు పొద్దున లాండ్రీ సుబ్బులు నన్ను తెచ్చి కరుణమ్మ బల్ల మీద పెట్టాడు. "సిస్టరమ్మా, మీ కత్తెర మా బండ మీద తేలింది. నాలుగు బాదులు బాదిందాకా లోపలేదో ఉందని తెలవలా. నా కాలి మీద పడితే ఎవరిదమ్మా పూచీ?"

ఆ నాలుగు బాదులతో నా పని అయిపోయింది. పళ్ళు అరిగాయి, కీలు వదులైంది. నొక్కితే మూడుసార్లు టిక్కుమని బిగుసుకుంటాను. మీరు నమ్మి చెయ్యి తీస్తారు. పదంకెలు ఎంచేలోపల టప్‌మని విడిపోతాను. ఇలాంటివాటిని ఆసుపత్రిలో కండెమ్ అంటారు. కండెమ్ అయినదాన్ని పుస్తకంలో రాసి తుక్కులో వెయ్యాలి. కరుణమ్మ అలా చెయ్యలేదు. గాయాలకు కట్టే గాజుగుడ్డలో చుట్టి దాచింది. రిబ్కా చదువు అయిపోయి వెళ్ళేనాడు నన్ను ఆమె చేతిలో పెట్టి, "దగ్గరుంచుకో. నోరు కరెక్ట్ అనబోతా ఉంటే దీన్ని ఒకసారి తడుముకో," అంది. అలా నేను ఆసుపత్రి సొత్తు కాకుండా పోయి, ఒక మనిషి సొంతమయ్యాను. అదేదో పెద్ద పదవి అనుకున్నాను.

ఒంగోలులో ఆడపిల్లల హాస్టలు. మూడు మంచాల గది. సలోమి అనే పిల్లకు హైదరాబాదులో వార్డు నర్సు ఉద్యోగం వచ్చింది. ఇంకొక పిల్లకు పెళ్ళయింది. రెండు పరుపులు చుట్టి తాడు కట్టి ఉన్నాయి. మిగిలింది రిబ్కా, నేను. గదిలో ఇద్దరు మనుషులు వెళ్ళిపోతే వాళ్ళ మాటలు పోతాయి గానీ మంచాలు పోవు. ఆ రెండు ఖాళీ మంచాల మధ్య నడవడానికి కూడా ఆమె పక్కకు ఒదిగి నడిచేది, అక్కడెవరో కూర్చున్నట్టు.

ఆమెకు థియేటరు నర్సు ఉద్యోగమే కావాలి. అప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మొదటిచోట ట్రే చేతిలోంచి జారిపడింది. రెండోచోట, "ఎప్పుడైనా కౌంటు తప్పు చెప్పావా?" అని అడిగారు. లేదంది. ఆ లేదన్న గొంతు నేల మీద పడిన గ్లాసులా ఉంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఫోన్ చేస్తామన్నారు. చెయ్యలేదు. మూడోది ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, వచ్చే బుధవారం. అది కూడా పోతే కందుకూరు బస్సెక్కి, తల్లి పక్కన పొగాకు ముందు కూర్చోవడమే.

ఇక మా సాధన చెప్పాలి. రబ్బరు గ్లౌజులో దూది కూరి, మూతి కట్టి, అరచెయ్యి పైకి ఉండేలా కిటికీ ఊచకు కట్టింది. అది డాక్టరు చెయ్యి. మంచం మీద పచ్చ తువ్వాలు పరిచి నన్నూ, గోరుకత్తెరనూ, రెండు చెంచాలనూ, దువ్వెననూ, పళ్ళబ్రష్షునూ వరసగా పేర్చేది. నేను తప్ప అందరూ వేషగాళ్ళే. కోసినచోటు విప్పి పట్టుకునే రిట్రాక్టరుగా దువ్వెన నటించింది. అది నాతో సమానంగా పడుకోవడం మొదట్లో నాకు నచ్చలేదు. తర్వాత్తర్వాత పలకరించడానికి అది తప్ప వేరే దిక్కులేక అలవాటుపడ్డాను.

"ఆర్టరీ, సార్," అని నా ముక్కు వైపు పట్టుకుని, ఉంగరాలు గ్లౌజు అరచేతిలో తగిలేలా చప్పుమని పెట్టేది. డాక్టరు కళ్ళు గాయం మీదే ఉంటాయి. పనిముట్టు చేతికి తగిలిందని ఆయనకు తెలియాలి, చూడక్కర్లేకుండా. గ్లౌజు వేళ్ళు ముడుచుకోవు కదా, నేను కింద పడేదాన్ని. ఆమె వంగి తీసేది. మళ్ళీ, "ఆర్టరీ, సార్." పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు పడ్డానో. ఒక్కోసారి అందించాక ఆమె ఆ గ్లౌజు వంక చూస్తూ నిలబడేది, అదేమైనా అంటుందేమోనన్నట్టు. థాంక్యూ అనకపోయినా ఫర్వాలేదు, ఒక కసురైనా. కసరడానికి కూడా ఒక మనిషి కావాలి గదా.

ఆఖర్న తువ్వాలు మీదివన్నీ ఎంచేది. ఆ ఎంచడం మాత్రం పెదవులు దాటేది కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తల్లి ఫోన్ చేసింది. ఫోన్ మంచం మీద పెట్టి మాట్లాడింది కాబట్టి నాకూ వినపడింది.

"తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం తిన్నావ్?"

రిబ్కా తడుముకుంది. "అన్నం."

"అన్నంలోకి ఏందో చెప్పలేకపోయావంటే తినలా నువ్వు. అయినా ఆ కత్తుల గదే కావాల్నా నీకు? మాత్రలిచ్చే పని లేదా? సలోమి జేయట్లా?"

"వార్డులో పేషెంటు తన బాధ తనే చెప్పుకుంటాడమ్మా. థియేటర్లో ఆయనకు నోరు లేదు గదా. ఆయన తరఫున ఎంచేదానికి ఒకళ్ళుండాల."

దీవెనమ్మకు ఏం అర్థమైందో గానీ, "సరేలే. గుడ్డు ఉడకేసుకో," అంది.

మంగళవారం సలోమి ఫోన్. ఈ పిల్ల నవ్వు గదిలో ఉన్నప్పుడు గోడలకు కూడా ఇష్టం.

"ఒసే, ప్రశ్నలు పంపించా, చూశావా? నీ బలహీనతేందంటే అతిగా కష్టపడతానని చెప్పు. అందరం అదే చెప్పాం. మా మేడం రాసుకుంది గూడా."

"కౌంటు తప్పు చెప్పావా అంటేనో?"

"లేదని చెప్పు."

"పోయినసారి చెప్పా. నమ్మలా."

"నువ్వు చెప్పిన తీరుకు నమ్మలా. ఏడుస్తా చెప్పుంటావ్. గట్టిగా, కళ్ళల్లోకి చూసి చెప్పు. ఏందే, నేనొక తప్పు చేశానండీ అని ఉద్యోగం అడిగే ఎర్రిది ఎక్కడన్నా ఉంటదా?"

ఫోన్ పెట్టేశాక రిబ్కా కిటికీ గ్లౌజు ముందు నిలబడి, "లేదు మేడం. ఎప్పుడూ లేదు మేడం," అని అప్పజెప్పింది. గొంతు మార్చి మార్చి పదిసార్లు చెప్పింది. పదోసారికి బాగానే వచ్చింది. నాకే నమ్మబుద్ధేసింది. అంత బాగా వచ్చాక ఆమె మంచం మీద కూర్చుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని, నొక్కింది. టిక్, టిక్, టిక్. చెయ్యి తీసి చూస్తూ కూర్చుంది. నేను విడిపోయాను. మళ్ళీ నొక్కింది. నాకు ఏదైనా చెప్పే నోరుంటే చెప్పేదాన్నేమో. ఆమె పక్కన ఉండి కూడా ఆమెకు తోడు కాలేకపోవడం ఏమిటో ఆ సాయంత్రమే తెలిసింది నాకు.

బుధవారం ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని, నన్ను గాజుగుడ్డలో చుట్టి చేతిసంచిలో వేసుకుని వెళ్ళింది.

బల్లకు అవతల ముగ్గురున్నారు, సంచిలోంచి బయటపడ్డాక గానీ వాళ్ళని నేను చూడలేదు. నలభై ఏళ్ళ సర్జను ఒకాయన, ఫారాలు నింపే కుర్ర ఆఫీసరు, మేట్రను శాంతకుమారి. మేట్రనంటే నర్సులందరికీ పెద్ద. గొంతు వింటేనే ఆవిడ ఎవరిని చూసీ తొందరపడదని తెలుస్తుంది.

ముందు ట్రే పెట్టి పేర్లడిగారు. రిబ్కా ఒక్కటీ తప్పలేదు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు ఆగకుండానే సర్జను, "ఆర్టరీ," అన్నాడు. చప్పుమని అరచేతిలో పడిన చప్పుడు విన్నాను. గ్లౌజు మీద పడిన చప్పుడు కాదది. కింద పడలేదు, వేళ్ళు ముడుచుకున్నట్టున్నాయి. "బావుందే," అన్నాడాయన. సంచిలో నేను పొంగిపోయాను. ఆ చెయ్యి నా మీద నేర్చుకున్నది కదా.

"పొట్ట మూసే ముందు కౌంటు కుదరకపోతే ఏం చేస్తావ్?" అంది మేట్రను.

పుస్తకంలో ఉన్నది గడగడా చెప్పింది రిబ్కా. డాక్టరుకు వెంటనే చెప్పాలి, మూయడం ఆపాలి, బల్ల మీద, నేల మీద, బట్టల్లో వెతకాలి, దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి.

"అది పరీక్షలో రాసే జవాబు. నువ్వెప్పుడైనా తప్పు కౌంటు చెప్పావా?"

సంచి ఆమె ఒళ్ళో ఉంది. ఆమె వేళ్ళు బట్టపైనుంచి నన్ను పట్టుకున్నాయి. ఎంతసేపని అడక్కండి, నాకు గడియారం తెలీదు. కుర్ర ఆఫీసరు మాత్రం ఈలోపల ఒక ఫారం నింపేసి రెండోది తీశాడు.

"చెప్పా మేడం," అంది.

పెన్ను చప్పుడు ఆగింది.

రిబ్కా సంచి తెరిచి, గాజుగుడ్డ విప్పి, నన్ను బల్ల మీద పెట్టింది. పదిహేనే ఉన్నా కరెక్టని చెప్పానంది. కొండయ్య అనే ఆయన పొట్ట మూయించానంది. అరగంట ఆగి గానీ నోరు తెరవలేదంది. అది బట్టల్లో దొరికింది కాబట్టి సరిపోయింది గానీ తన వల్ల సరిపోలేదంది. ఏడవలేదు. గొంతు చిన్నదే గానీ చివరిదాకా తెగలేదు.

సర్జను నన్ను తీసుకుని నొక్కి బల్ల మీద పెట్టాడు. నలుగురూ నా వంకే చూశారు. ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన వంశం మాది. ఒక్క నిమిషం నిలబడదామని శాయశక్తులా బిగబట్టాను. టప్‌మని విడిపోయాను.

"ఇది నీ దగ్గరెందుకుంది?" అంది మేట్రను.

"మా సిస్టరమ్మ గుర్తుగా ఇచ్చింది మేడం."

"గుర్తుగా ఉంచుకోను ఇదేమన్నా ఫోటోనా?" మేట్రను గొంతు పెరగలేదు. "చూసేదానికి మంచిదానిలా ఉంది. ఏదో ఒకనాడు నీ సంచిలోంచి జారి మా సింకులో పడుద్ది. కడిగేవాళ్ళు కడిగి ట్రేలో పెడతారు. డాక్టరు నమ్మి దీంతో నరం పడతాడు. అప్పుడేంది? చెడిపోయినదాన్ని విరగ్గొట్టి పారెయ్యాల. మీ సిస్టరు ప్రేమతో ఇచ్చింది. ప్రేమతో ఇచ్చినా తప్పు తప్పే."

ఇన్నాళ్ళూ నేనొక జ్ఞాపకాన్ననుకున్నాను, హెచ్చరికననుకున్నాను. నన్ను మించిన ఆపద ఇంకొకటి లేదని ఆ నిమిషం దాకా నాకూ తట్టలేదు. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నిజం కాబట్టే బాధేసింది.

"దీన్ని నేను తిరిగివ్వను," అంది మేట్రను. "నీకేమన్నా అభ్యంతరమా?"

రిబ్కా చెయ్యి నా వైపు కొంచెం వచ్చింది. మధ్యలో ఆగింది. మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"లేదు మేడం."

"వెళ్ళిరా. కబురు చేస్తాం."

ఫోన్ చేస్తామన్నవాళ్ళూ ఇలాగే అన్నారు. కుర్చీ జరిగింది, తలుపు మూసుకుంది. వట్టి గాజుగుడ్డ మాత్రం సంచిలో పెట్టుకుని వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే టెక్నీషియను బాషా నా కీలు మీద మేకు ఆనించి సుత్తితో కొట్టాడు. రెండు ముక్కలయ్యాను. నన్ను పనిముట్లు కడిగే గదిలో, మూలనున్న రేకు డబ్బాలో పడేశాడు. మొండి కత్తెరలు, విరిగిన సూదిపట్టుకార్లు ఉన్నాయి అందులో. ఎవరి ఆసుపత్రి గొప్ప వాళ్ళది. మొదట్లో చెప్పుకున్నారు, తర్వాత మానేశారు. నాలో ఒక సగం డబ్బా అడుగున ఉంది, ఒక సగం పైన. నా రెండో సగాన్ని నేను మళ్ళీ చూడలేదు. నెలకోసారి తుక్కువాడు వస్తాడట. తర్వాత ఏ కొలిమిలోనో కరిగి ఏమవుతానో, గడియనో, గరిటెనో.

రిబ్కాకు కబురు వెళ్ళిందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఆమె కందుకూరు బస్సులో ఉందనుకున్నాను. కిటికీకి కట్టిన గ్లౌజును విప్పి ఉంటుందా, అలాగే వదిలేసి ఉంటుందా అనుకున్నాను. రోజులు ఎంచడం నాకు రాదు. నన్నే ఎంచేవారు గానీ నేనెప్పుడూ ఏదీ ఎంచలేదు.

కడిగే గదికీ థియేటరుకూ మధ్య గోడలో పనిముట్లు అందించే చిన్న కిటికీ ఉంది. ఒక ఉదయం అది తెరిచి ఉంది. లోపల పని చివరికొచ్చింది. గుడ్డలు ఎంచుతున్న గొంతు వినపడింది. చిన్న గొంతు. ఒకటి, రెండు అని మొదలై తొమ్మిది దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి ఎంచి మళ్ళీ తొమ్మిది దగ్గరే ఆగింది.

"కుట్టేదా?" అన్నాడు సర్జను. ఇంటర్వ్యూలో బావుందన్నాయనే.

"ఆగండి సార్. ఒకటి తక్కువుంది."

"బోర్డు మీద పది రాశారుగా. మళ్ళీ ఎంచమ్మా."

"రెండుసార్లు ఎంచాను సార్. తొమ్మిదే ఉండాయి. మూయొద్దు."

ఎవరో చిన్నగా నిట్టూర్చారు. ఆ తర్వాత సూది ట్రేలో పెట్టిన చప్పుడు. లైటు తిప్పండన్న మాట. బకెట్టు జరిపిన చప్పుడు, వంగుతున్న మనుషుల చెప్పుల రాపిడి. మత్తిచ్చే యంత్రం ఒక్కటే తన మానాన తాను బీప్ బీప్ అంటోంది. నాకు తెలిసినంతలో, రిబ్కా ఒక మాట అంటే దానికోసం నలుగురు మనుషులు ఆగడం అదే మొదటిసారి.